అరెకా ఆకుల కొనలు మాడుతుంటే ముందు నీళ్లు చూడండి

ప్రశ్న: అమ్మా, మా హాల్లో టీవీ పక్కన అరెకా పామ్ పెట్టి ఏడాది దాటింది. కొన్నప్పుడు కళకళలాడుతూ ఉండేది. ఇప్పుడు ప్రతి ఆకు కొనా మాడిపోతోంది. నీళ్లు చాలడం లేదేమోనని రోజూ పోస్తున్నాను. ఆర్‌ఓ మెషిన్ నుంచి బయటికి పోయే నీళ్లు వృథా కాకుండా దీనికే పోస్తున్నాను. బలానికని గుప్పెడు సూపర్ (సూపర్ ఫాస్ఫేట్ ఎరువు) కూడా వేశాను. ఎండ తగలాలని రెండు రోజులు డాబా మీద పెడితే ఆకులు తెల్లగా పాలిపోయాయి. చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. మొక్క దక్కుతుందా? – ఒక గృహిణి, కనిగిరి

జవాబు: దక్కుతుందమ్మా. ముందు మొవ్వు చూడండి. నడిమధ్య ఈటెలా నిలబడి ఇంకా విప్పుకోని ఆకు అది. మెల్లగా లాగినా ఊడి రాకుండా గట్టిగా, పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే.

నాకైతే మీరు పోసే నీళ్ల మీదే అనుమానం. మీ కనిగిరి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మనం తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఆర్‌ఓ మెషిన్ తాగే నీళ్లలోంచి తీసిన ఉప్పునీ ఫ్లోరైడ్‌నీ పక్క పైపులోకి తోసేస్తుంది. అంటే మీ కుండీలో పడుతున్నవి బోరు నీళ్ల కంటే ఉప్పటి నీళ్లు. అరెకాకు ఫ్లోరైడ్ అసలు పడదు. వేరు పీల్చిన నీరు ఆకు కొస దాకా పోయి ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ అక్కడే పేరుకుంటుంది. అందుకే మాడటం కొన దగ్గరే మొదలవుతుంది. సూపర్‌లోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, ఇక వేయకండి. నీళ్లు కాచి పోస్తే పోతుందని కొందరు చెబుతారు, పోదు. ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

కుండీ లోపలి అంచు మీద వేలు పెట్టి చూడండి. తెల్లగా, గరుకుగా పొర తగిలితే అది ఉప్పే. గోటితో గీరితే పెచ్చులుగా వస్తుంది. పైమట్టి ఒక అంగుళం తీసేసి, కుండీని బాత్‌రూమ్‌లో పెట్టి, మంచినీళ్లు నిదానంగా పోస్తూ అడుగు రంధ్రాల్లోంచి బాగా కారనివ్వండి. కుండీ పట్టే నీళ్లకు మూడింతలు పోయాలి. కింద ప్లేటులో నిలిచిన నీళ్లు పారబోయండి. ఆ తర్వాత పైమట్టి ఆరితేనే నీళ్లు. రోజూ పోస్తే వేరు కుళ్లుతుంది.

మరి ఏ నీళ్లు పోయాలంటారా? ఒంగోలు వచ్చిన కొత్తలో నేనూ ఉప్పు బోరు నీళ్లే పోసి రెండు అరెకాలు పోగొట్టుకున్నాను. మూడోదానికి ఏసీ పైపు కింద బకెట్ పెట్టి ఆ నీళ్లు పట్టాను. గాల్లో తేమే నీరుగా దిగుతుంది కాబట్టి అందులో ఉప్పుండదు. రెండు నెలలకు విప్పుకున్న కొత్త ఆకును కొన దాకా వేళ్లతో తడిమి చూసుకున్నాను. ఎక్కడా గోధుమరంగు లేదు. ఆ రోజు సంతోషం ఇంతా అంతా కాదు. ఏసీ లేకపోతే వాన నీళ్లు పట్టి పెట్టుకోండి. అక్టోబరు, నవంబరు వానలు మనకు వరం. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లు బాత్‌రూమ్ కడగడానికి వాడండి, వృథా కావు.

మాడిన కొన మళ్లీ పచ్చబడదు. కత్తిరించాలనిపిస్తే సన్నటి గోధుమ గీత మిగిల్చి కత్తిరించండి. పచ్చని భాగం తెగితే అక్కణ్ణుంచి మళ్లీ ఎండుతుంది. అడుగున పసుపు పడిన ఆకుల్ని పూర్తిగా ఎండేదాకా కోయకండి. అందులోని పొటాషియాన్ని మొక్క కొత్త ఆకుకు లాక్కుంటుంది.

ఇక ఎండ. ఏడాదిగా నీడలో ఉన్న ఆకుకు మన డాబా ఎండ పెనం మీద పెట్టినట్టే. తూర్పు కిటికీ దగ్గర వెలుతురు చాలు. బయట పెంచాలనుకుంటే వానలు తగ్గాక, ముందు వేపచెట్టు నీడలో రెండు వారాలు ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు అలవాటు చేయండి.

ప్రశ్న: గేటు పక్కన వేసిన ఫాక్స్‌టెయిల్ పామ్‌కు కొత్త ఆకులు కత్తెరతో కోసినట్టు వస్తున్నాయి. – ఒక రైతు, కావలి

జవాబు: కొబ్బరికి వచ్చే కొమ్ముపురుగే అది. మొవ్వులోకి దూరి, విప్పుకోకముందే ఆకును కొరుకుతుంది. మొవ్వు దగ్గర రంధ్రం, నమిలిన పీచు కనిపిస్తే ఇనుప చువ్వతో పురుగును బయటికి లాగేయండి. దగ్గర్లో పెంటకుప్ప ఉందా? దాని పిల్ల పురుగులు పెరిగేది అందులోనే. కుప్పను ముందు తిరగేసి, దొరికిన తెల్ల పురుగుల్ని ఏరి చంపేయండి.