సప్లీలు మిగిలాయని బీటెక్ మానేయాలా? పొదిలి తమ్ముడికి

తమ్ముడూ, నాలుగు సప్లీలు (తప్పిన సబ్జెక్టులు), పైగా నాన్నకు పొగాకు సాగు అప్పు, అందుకే రెండో ఏడాదిలోనే మానేసి పొదిలి వచ్చేస్తానంటున్నావు. కానీ అప్పు గురించి ఒక్క ముక్కే రాశావు. క్లాసులో ఏమీ ఎక్కడం లేదని మాత్రం మూడుసార్లు అన్నావు. అసలు బాధ అదేనేమో.

నాదీ అదే కథ. కనిగిరిలో ఇంటర్ దాకా తెలుగు మీడియం. బీటెక్‌కి నెల్లూరు వచ్చాక సార్ బోర్డు నింపడం, చెరిపేయడం తప్ప నాకేమీ కనపడేది కాదు. ఎమ్-వన్, అంటే మొదటి మ్యాథ్స్ పేపర్, రెండుసార్లు పోయింది. ఒక రాత్రి బ్యాగు సర్దుకుని మంచం మీద కూర్చుంటే, రూమ్మేట్ పాత ప్రశ్నపత్రాలు ముందు పడేసి, "ఈ ఐగెన్ వ్యాల్యూల లెక్క ఒక్కటి నేర్చుకుని పడుకోరా" అన్నాడు. తెల్లారేసరికి మూడు లెక్కలు వచ్చాయి. మూడోసారికి గట్టెక్కాను, అదీ బొటాబొటీగా!

నువ్వూ ముందు ఒక్క సప్లీనే పట్టుకో. అటెండెన్స్ మాత్రం వదలకు. జేఎన్‌టీయూ కాలేజీల్లో 75 శాతం ఉండాలి, 65 దాకా ఉంటే అనారోగ్య కారణంతో కండోనేషన్ (హాజరు మినహాయింపు) అడగొచ్చు, ఆ కిందైతే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. అప్పు సంగతి పొగాకు వేలం ముగిశాక నాన్నతోనే కూర్చుని మాట్లాడు.

అప్పటికీ మానాలనిపిస్తే, తొందరపడి టీసీ తీసుకోకు. పాసైన సబ్జెక్టుల క్రెడిట్లు ఏబీసీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్) ఖాతాలో చేరితే ఏడేళ్ల వరకు చెల్లుతాయి.

నిద్ర పట్టడం లేదన్నావు కదా, 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఎమ్-వన్ సిలబస్ ఫొటో పెట్టు, ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతా.