ఎం.వి. ఊళ్లను నిలబెట్టింది డోలా, నీళ్లా?

ప్రశ్న: మాది కలిమెల దగ్గర పల్లె. చుట్టూ ఎం.వి. నంబర్లున్న బెంగాలీ ఊళ్లే. వాళ్లను సర్కారు ఏళ్లపాటు కూర్చోబెట్టి మేపిందని మా పెద్దవాళ్లు, వాళ్లంత కష్టపడేవాళ్లు లేరని మా అబ్బాయి. ఎవరిది నిజం?
– ఒక పాఠకుడు, మల్కన్‌గిరి జిల్లా, ఒడిశా

జవాబు: నేను మీ అబ్బాయి వైపేనండీ. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి శరణార్థులుగా వచ్చిన ఈ బెంగాలీలకు క్యాంపుల్లో డోల్ అని కొంత డబ్బు ఇచ్చిన మాట నిజమే, మీ పెద్దవాళ్లు విన్నది అదే. ఆ డోల్ మీద ఆధారపడకుండా సాగులో పెట్టాలనే 1958లో దండకారణ్య ప్రాజెక్టు వచ్చింది. మల్కన్‌గిరి అప్పుడు కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. అడవి కొట్టి, ఇంటికి కొన్నెకరాలు చూపించి, ఎద్దులకూ విత్తనాలకూ అప్పిచ్చి, ఊరికి పేరు బదులు నంబరు పెట్టారు. ఎం.వి. అంటే మల్కన్‌గిరి విలేజ్.

భూమి ఇచ్చారు సరే, నీళ్లేవి? ఒండ్రు నేలలో వరి పండించినవాళ్లకు వానమీద బతికే మెట్ట ఇస్తే ఏం చేస్తారు చెప్పండి. 1978లో వేలమంది ఉన్నది తెగనమ్ముకుని పశ్చిమ బెంగాల్ సుందర్‌బన్స్‌లోని మరీచ్‌ఝాపీ దీవికి వెళ్లిపోయారు, మరుసటేడు పోలీసులు అక్కణ్ణుంచీ తరిమేశారు. పని చేయడం ఇష్టంలేని మనిషి పిల్లలతో అంత దూరం పోయి ఉప్పునీటి దీవిలో గుడిసె వేసుకోడు కదా.

ఉండిపోయినవాళ్లను నిలబెట్టింది పొట్టేరు కాలువే. బలిమెల జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు తీశాక వదిలే నీళ్లు ఆ కాలువల్లోకి వచ్చాయి. కలిమెల సంతలో ఒక ముసలాయన దగ్గర పర్వళ్లు (దొండకాయలాంటి కూరగాయ) కొన్నాను, గోళ్లనిండా బురద, తూకం వేస్తూ నాతో తెలుగు, పక్కామెతో కోయ, మనవడితో బెంగాలీ. కాలువ రాకముందు కూలికి పోయేవాణ్ణి, ఇప్పుడు వరి, చెరువులో చేపపిల్లలు అన్నాడు. పథకం అంటే నాకు ఆ ముసలాయనే గుర్తొస్తాడు.

అయితే మీ పెద్దవాళ్ల బాధలోనూ న్యాయం ఉంది, దాన్ని కొట్టిపారేయలేను. కొట్టిన అడవి కోయవాళ్లది. ఆ నీళ్ల కోసం బలిమెల రిజర్వాయరు కింద ఆదివాసీల ఊళ్లు మునిగాయి, మిగిలినవాళ్లు నీళ్లకు అవతల చిక్కుకుపోయి పడవలే దిక్కుగా బతికారు. వాళ్లకు గురుప్రియ వంతెన వచ్చింది 2018లో.