నువ్వు హాల్లోకి వెళ్ళినా నవ్వు ఆగకూడదు: మేనకోడలికి ఉత్తరం

శ్రీకాకుళం

చి. సౌ. అమ్మడుకి మీ మేనత్త ఆశీర్వదించి రాయునది.

జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరాక నీకెదురైన ఇబ్బంది గురించి మొన్న నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాక, ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడం నాకు మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. "నేను పొట్టు తీసే హాల్లోకి అడుగుపెట్టగానే అందరూ నవ్వు ఆపేస్తున్నారత్తా. నా మీదే నవ్వుకుంటున్నారేమో. ఓనరు గారు చూస్తే ఈ ఇకఇకలు పకపకలు కట్టిపెట్టించు అంటున్నారు. ఏం చెయ్యాలి?" అని కదూ అడిగావు. ఆ నవ్వును ఆపొద్దమ్మా. కొత్త సూపర్‌వైజరుకి ఈ మాట చెప్పేవాళ్ళు తక్కువ. నువ్వు వెళ్ళినా వాళ్ళ నవ్వు ఆగకపోతే, నీ ఉద్యోగంలో కష్టమైన సగం నువ్వు చేసేసినట్టే.

నాకెలా తెలుసంటావా? మీ నాన్నమ్మ పలాసలో జీడిపప్పు పొట్టు తీసి నన్నూ మీ నాన్ననీ చదివించింది. నేను ఆస్పత్రిలో వార్డు ఇన్‌చార్జి సిస్టరుగా రిటైరయ్యాను. కూలి చేసే చోట, జబ్బుతో పడుకున్న చోట నవ్వు ఏం చేస్తుందో దగ్గరుండి చూసినదాన్ని.

ముందు నీ మనసులో ఉన్న ముల్లు తీసేస్తాను. వాళ్ళు నవ్వుతున్నది నీ మీద కాదు. చాలాసార్లు అసలు దేని మీదా కాదు. అమెరికాలో రాబర్ట్ ప్రొవైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు బజార్లలో, వీధుల్లో జనం మాట్లాడుకుంటుంటే వింటూ 1200 నవ్వుల్ని రాసిపెట్టుకున్నారు. ప్రతి నవ్వుకీ ముందు వచ్చిన మాటేమిటని చూస్తే, హాస్యం అనదగ్గవి నూటికి ఇరవై కూడా లేవట. మిగతావన్నీ "సరే, మళ్ళీ కలుద్దాం" లాంటి ఉత్త మాటలే. ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనిషి ముప్ఫై రెట్లు ఎక్కువ నవ్వుతాడని కూడా ఆయనే చెప్పారు.

రేపు మీ హాల్లో చెవి పెట్టి విను. "ఏటే, పొద్దున్నించీ అలగుండిపోనావు?" అని ఒకావిడ అంటుంది. అందులో నవ్వడానికి ఏముంది? అయినా చుట్టూ ఉన్న నలుగురూ నవ్వుతారు, అడిగించుకున్న ఆవిడా నవ్వుతుంది. నీ దగ్గర నాకు బెరుకు లేదు అని ఒకరికొకరు చెప్పుకోవడం అది. నువ్వు వస్తే ఆగిపోతోందంటే, నీ దగ్గర ఆ బెరుకు ఇంకా పోలేదు. అంతే. దాన్ని అవమానంగా తీసుకోకు.

ఇక ఓనరు గారి మాట. ఆయన భయం పని వెనకబడుతుందని. పొట్టు తీసేవాళ్ళకి కిలో లెక్కన కూలి కదా, చేతులు ఆగితే ముందు నష్టపోయేది వాళ్ళే. ఆ సంగతి వాళ్ళకి ఆయనకంటే బాగా తెలుసు. నోరు నవ్వుతున్నా వేళ్ళు ఆడుతూనే ఉంటాయి. మీ నాన్నమ్మ అంతే. పొద్దున్న కూర్చుంటే మెడ వంచినది వంచినట్టే, చిన్న చాకుతో ఒక్కో గుండూ, అంటే నిండు పప్పు, విరక్కుండా గీకుతూ ఉండాలి. భుజాలు పట్టేస్తాయి, బొటనవేలు తిమ్మిరెక్కుతుంది. ఆ నొప్పితో సాయంత్రం దాకా కూర్చోగలగడానికి వాళ్ళకి దొరికే మందు పక్కవాళ్ళతో కలిసి నవ్వే నవ్వే.

మందు అని ఊరికే అనలేదు. నవ్వడమంటే ఊపిరిని తెరలు తెరలుగా బయటికి నెట్టడం. పొట్టకీ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రం, పక్కటెముకల కండరాలు గట్టిగా పనిచేస్తాయి. గుండె కాసేపు వేగంగా కొట్టుకుంటుంది. నవ్వు అయ్యాక బిగిసిన కండరాలు వదులవుతాయి. గట్టిగా నవ్వినవాళ్ళ చేతుల్లో వస్తువు నిలవకపోవడం నువ్వూ చూసే ఉంటావు. ఆక్స్‌ఫర్డ్‌లో రాబిన్ డన్‌బార్ బృందం 2011లో ఒక పరిశోధన వెలువరించింది. కొందరికి నవ్వొచ్చే వీడియోలు, కొందరికి మామూలువి చూపించి, ముందూ తర్వాతా ఎంత నొప్పి ఓర్చుకోగలరో చూశారు. నొప్పి పెట్టడానికి మా వార్డులో వాడే బీపీ పట్టీని కూడా వాడారు, చేతికి చుట్టి బిగించుకుంటూ పోవడమన్నమాట. నలుగురితో కలిసి బాగా నవ్వినవాళ్ళు ఎక్కువ ఓర్చుకున్నారు. ఒంట్లోనే పుట్టే ఎండార్ఫిన్లు నొప్పిని తగ్గిస్తాయని వాళ్ళ వివరణ. ఓనరు గారికి ఇవన్నీ చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం భోజనాల తర్వాత ఎవరు తలపట్టుకుని కూర్చుంటున్నారో, ఎవరు నాగాలు పెడుతున్నారో రాసి చూపించు. ఆయనకి లెక్కలు అర్థమవుతాయి.

అయితే నవ్వుకి లేని గొప్పలు అంటగట్టకు. నవ్వితే బరువు తగ్గుతారని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. పది పదిహేను నిమిషాల నవ్వుకి ఖర్చయ్యేది పది నుంచి నలభై కేలరీలు. మీ ఫ్యాక్టరీ పప్పు నాలుగు పలుకులు తింటే ఆ నలభై తిరిగొచ్చేస్తాయి. 2005లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం డాక్టర్లు నవ్వొచ్చే సినిమా చూసినవాళ్ళ రక్తనాళాలు బాగా విచ్చుకున్నాయని, మనసు కలతపెట్టే సినిమా చూస్తే ముడుచుకున్నాయని చూపించారు. నిజమే, మంచి సంగతే. కానీ వాళ్ళు చూసింది ఇరవై మందిని. దాన్ని పట్టుకుని మీ నాన్న బీపీ మాత్ర మానేస్తానంటే మాత్రం ఒప్పుకోకు.

ఇప్పుడు నువ్వేం చెయ్యాలో చెప్తాను. జోకులు చెప్పొద్దు. పైవాళ్ళు జోకు వేస్తే కిందివాళ్ళు నవ్వక తప్పదు, నవ్వు రాకపోయినా నవ్వాలి. కూలికి వచ్చిన మనిషి చేత అదొక పని అదనంగా చేయించినట్టు అవుతుంది. రోజూ కాసేపు వాళ్ళ మధ్యన కూర్చుని నువ్వూ చాకు పట్టుకుని పొట్టు తియ్యి. నీ చేతికి గుండు బద్దలైపోతుంది. వాళ్ళు నవ్వుతారు. నువ్వూ నవ్వు, ఎలా తియ్యాలో నేర్పమని అడుగు. నేర్పేటప్పుడు మనిషి పెద్దరికం పెరుగుతుంది, నేర్చుకునేటప్పుడు సూపర్‌వైజరు గౌరవమేమీ తగ్గిపోదు.

తప్పు దొరికినప్పుడే హాల్లోకి వెళ్ళే అలవాటు చేసుకోకు. "బద్దలు ఎక్కువొచ్చాయి", "పొట్టు మిగిలిపోయింది" అని చెప్పడానికే నువ్వు కనిపిస్తుంటే, నీ చెప్పుల చప్పుడు వినగానే నోళ్ళు మూతపడక ఏం చేస్తాయి? ఏ పనీ లేకుండా వెళ్ళు. ఎవరి పిల్లకి జ్వరం తగ్గిందో, ఎవరింట్లో అమ్మవారి పండగ వస్తోందో అడుగు. మందలించాల్సి వస్తే పక్కకి పిలిచి మందలించు, నలుగురిలో వద్దు. ఇంకొకటి. నువ్వు వెళ్ళేసరికి నవ్వుతూ ఉంటే "ఏంటా నవ్వు? ఎందుకు నవ్వుతున్నారు?" అని ఎప్పుడూ అడక్కు. ఆ ఒక్క ప్రశ్నతో నెల రోజులు కూడబెట్టుకున్న చనువు పోతుంది. కారణం చెప్పమంటే వాళ్ళ దగ్గర ఉండదు, ఉన్నా నీకు చెప్పేది కాదు.

ఇంతా చెప్పి, ఆపాల్సిన నవ్వు కూడా ఒకటుందని చెప్పకపోతే తప్పవుతుంది. చిన్నప్పుడు మీ నాన్నమ్మ "నవ్వు నాలుగు విధాల చేటు" అని నన్ను కసిరేది. ఆ సామెతని ఆడపిల్లల నోరు మూయించడానికి వాడారు గానీ, నిజానికి అది ఎగతాళి నవ్వుకే చెల్లుతుంది. మీ ఫ్యాక్టరీకి సవర గూడేల నుంచి వచ్చేవాళ్ళు, ఇచ్ఛాపురం అవతలి నుంచి ఒడియా మాట్లాడుతూ వచ్చేవాళ్ళు ఉన్నారన్నావు. వాళ్ళ మాట విని మిగతావాళ్ళు వెక్కిరిస్తే ఊరుకోకు. మనకి తెలియని బాధా అది? శ్రీకాకుళం మాట వినపడితే చాలు హైదరాబాదులో, విజయవాడలో నవ్వినవాళ్ళున్నారు. సినిమాల్లో ఎన్నేళ్ళు మన యాసని పనివాళ్ళ పాత్రలకీ అమాయకుల పాత్రలకీ తగిలించి నవ్వించారో తెలుసు కదా. కాలేజీలో నువ్వు మాట్లాడటమే మానేసిన రోజులు నాకు గుర్తున్నాయి. ఆ బాధ పడినవాళ్ళం ఇంకొకరిని పెట్టకూడదు.

బలహీనుణ్ణి చూసి నవ్వడం వేరు, తప్పు చేసే బలవంతుణ్ణి చూసి నవ్వడం వేరు. పసిపిల్లల్ని డబ్బుకి ముసలివాళ్ళకి కట్టబెట్టే దురాచారం మీద మన విజయనగరంలోనే 1892లో గురజాడ అప్పారావు గారి నాటకం ఆడారు. ఉపన్యాసాలకి కదలని జనం ఆ నవ్వుకి కదిలారు. అక్కడ నవ్వులపాలైంది అమ్ముడుపోయిన పిల్ల కాదు, అమ్మినవాళ్ళూ కొన్నవాళ్ళూ. మీ హాల్లో ఏ నవ్వు ఎటువైపు పోతోందో చూసుకోవడం నీకు పెద్ద కష్టం కాదు. వెక్కిరింత వినపడితే అక్కడికక్కడ ఉపన్యాసం ఇవ్వకు. నువ్వు నవ్వకు, మాట మార్చు, తర్వాత ఆ మనిషిని విడిగా పిలిచి చెప్పు.

లోడింగ్ దగ్గర మగవాళ్ళు ఆడవాళ్ళని ఉద్దేశించి రెండర్థాల మాటలు అని నవ్వుతారన్నావు. దానికి మాత్రం ఈ మెత్తదనం వద్దు. అది నవ్వు కింద లెక్కకి రాదు, వేధింపు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలి. మీ దగ్గర ఉందో లేదో ఓనరు గారిని అడుగు, లేకపోతే వేయించు. "సరదాకి అన్నాం మేడం" అంటే ఒప్పుకోకు. ఎదుటి మనిషి మొహం చూస్తే సరదానో కాదో తెలిసిపోతుంది.

నవ్వకూడని చోటు కూడా ఉంది, కటింగ్ మిషన్ల దగ్గర. పెంకుతో ఉన్న జీడిపిక్క కోసేటప్పుడు చూపు తిప్పితే వేలు తెగుతుంది, పెంకులోని జిడ్డు చర్మాన్ని కాల్చేస్తుంది. అక్కడ మాటలు, నవ్వులు వద్దని గట్టిగా చెప్పు, చెప్పి వాళ్ళకి విడిగా టీ విరామం ఇప్పించు. గ్రేడింగ్ బల్ల దగ్గర నవ్వుకోవచ్చు, మూతికి మాస్కు ఉండాలి అంతే.

ఇప్పుడు ఒక సంగతి రాస్తున్నాను. ఇది నీకు ఎవరూ చెప్పరు. హాల్లో కొందరు ఆడవాళ్ళు అందరూ నవ్వుతుంటే పెదవి బిగించి, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుంటారు. పొగరనుకోకు. కాన్పులయ్యాక చాలామందికి గట్టిగా నవ్వినా, దగ్గినా, తుమ్మినా మూత్రం చుక్కలు పడుతుంది. ఆ సిగ్గుతో నవ్వు మింగేస్తారు, పెళ్ళిళ్ళకి వెళ్ళరు, నీళ్ళు తాగడం మానేస్తారు. మన ఉద్దానం ఎండల్లో నీళ్ళు తాగకపోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? డాక్టరుకి కూడా చెప్పుకోరు. వార్డులో మంచం పక్కన కూర్చుని మెల్లగా అడిగితే తప్ప నాకూ చెప్పేవాళ్ళు కారు. ఇది వయసుతో వచ్చే కర్మ కాదు, చాలామందికి తగ్గేదే. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలు ఉంటాయి కదా, వాటిని కొన్ని సెకన్లు బిగించి వదలాలి. ఒక్కో విడతకి ఎనిమిది సార్లు, రోజుకి మూడు విడతలు, కనీసం మూడు నెలలు మానకుండా చెయ్యాలి. కూర్చున్నచోటే చెయ్యొచ్చు, పక్కవాళ్ళకి తెలియను కూడా తెలియదు. నిజంగా మూత్రానికి వెళ్ళినప్పుడు మాత్రం మధ్యలో ఆపి చెయ్యకూడదు. మూడు నెలలకీ తగ్గకపోతే ఆస్పత్రిలో స్త్రీల వైద్యులకి చూపించాలి. ఈ మాట ఒక పెద్దావిడ చెవిన వేస్తే చాలు, హాలంతా పాకుతుంది.

ఇక నీ సంగతి. రోజంతా మొహాన నవ్వు పులుముకుని తిరగాలని నేను చెప్పడం లేదు. లోపల ఏడుపు పెట్టుకుని పైకి నవ్వే ఉద్యోగం మనిషిని పిండేస్తుంది, నర్సులకి అది బాగా తెలుసు. చావు చూసిన రాత్రి కూడా మేం మా గదిలో తలుపు వేసుకుని ఏదో ఒకదానికి నవ్వుకునేవాళ్ళం. మనసు రాయైపోయి కాదు, తెల్లారి మళ్ళీ వార్డులోకి వెళ్ళాలి కనక. తలుపు మాత్రం వేసేవాళ్ళం, బయట ఏడుస్తున్నవాళ్ళ చెవిన ఆ నవ్వు పడకూడదు. నీకూ అలాంటి గది ఒకటి కావాలి. పద్దుల సెక్షన్లో ఉన్న ఆ పిల్లతో కలిసి భోజనం చెయ్యి. రాత్రి ఫోన్ చూస్తూ ఒక్కదానివే నవ్వుకునే బదులు మీ అమ్మకి ఫోన్ చేసి పావుగంట మాట్లాడు. మీ వీధిలో పొద్దున్న నవ్వుల క్లబ్బు ఉందన్నావు. 1995లో ముంబయిలో మదన్ కటారియా అనే డాక్టరు ఒక పార్కులో ఐదుగురితో మొదలుపెట్టింది ఈ పద్ధతి. కావాలని మొదలుపెట్టిన నవ్వు కూడా నలుగురిలో పడితే కాసేపటికి నిజం నవ్వవుతుంది, వెళ్ళు. మీ అమ్మ నీ దగ్గరికి వచ్చినా ఆమెని మాత్రం ఇప్పుడే తీసుకెళ్ళకు. పొట్ట ఆపరేషన్ కుట్లు పూర్తిగా మానాలి, హెర్నియా ఉన్నవాళ్ళు కూడా డాక్టరుని అడగకుండా అంత గట్టిగా నవ్వకూడదు.

రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదన్నావు. నవ్వుతో నిద్ర పట్టేస్తుందని నీకు చెప్పను. ఇలాగే ఇంకో రెండు వారాలు నిద్ర లేకపోతే, ఉదయం లేవగానే ఏడుపు వస్తుంటే, దాచుకోకుండా నాకు చెప్పు. డాక్టరు దగ్గరికి నేను తోడొస్తాను.

సోమవారం వెళ్ళగానే ముందు ఆడవాళ్ళ బాత్రూమ్ చూడు. నీళ్ళు వస్తున్నాయా, తలుపుకి గడియ పడుతోందా అని. తర్వాత చాకు పట్టుకుని హాల్లో కూర్చో. ఎవరి పక్కన కూర్చున్నావో, నీకు పొట్టు తీయడం ఎవరు నేర్పారో నాకు రాయి.

ఉంటాను.
మీ అత్త