జర్మనీనా హైదరాబాదా? రెండు చోట్లా కాపురం పెట్టినవాడిగా నా జవాబు

మీరడిగింది ఇదీ: స్టట్‌గార్ట్‌లో ఏడాదికి 65 వేల యూరోల ఆఫర్ వచ్చింది, హైదరాబాద్‌లో ఇప్పుడు ఏడాదికి 32 లక్షలు వస్తోంది, భార్య, నాలుగేళ్ల పాప, రెంటు, స్కూలు ఫీజు అన్నీ చూసుకుంటే లైఫ్ ఎక్కడ బాగుంటుంది అని. నేను 2016 నుంచి 2023 దాకా ఆ స్టట్‌గార్ట్‌లోనే, ఫైహింగెన్ అనే ఏరియాలో ఉండి కార్ల సాఫ్ట్‌వేర్ పని చేసి వచ్చా, ఇప్పుడు నిజాంపేటలో ఉంటున్నా, కాబట్టి నాకు తెలిసింది చెప్తా.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ 65 వేలని రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోకండి. పన్ను, పెన్షన్, హెల్త్ ఇన్సూరెన్స్ అన్నీ పోను ఒంటరిగా ఉన్నోడికి నెలకి 3,300 యూరోల దాకా చేతికొస్తాయి, మీ ఆవిడ ఉద్యోగం చేయకపోతే ట్యాక్స్ క్లాస్ 3 (పెళ్లైనవాళ్లకి నెలనెలా పన్ను తక్కువ కోసే కేటగిరీ) పెట్టుకుంటే ఇంకో 400 పైన కలుస్తాయి, పాపకి గవర్నమెంటు ఇచ్చేది 2025లో నెలకి 255. రెంటు మేం ఉన్నప్పుడే హీటింగ్‌తో కలిపి 1,350 కట్టేవాళ్లం. మిగులుతుంది, కాదనను, కానీ ఊళ్లో స్థలాలు కొనేంత కాదు. ఇంకోటి, అక్కడ చాలా ఇళ్లు కిచెన్ లేకుండా అద్దెకిస్తారు, గోడకి పైపులుంటాయి అంతే, పొయ్యి సింకు కబోర్డులు ఏవీ ఉండవు, బల్బులు కూడా పాతవాళ్లు ఊడబీక్కుని పోతారు. మొదటి వారం ఫోన్ లైటు వెలుగులో బ్రెడ్డు జామ్ తిన్నాం.

ఇక అసలు సంగతి. మా పాప ఒకటో క్లాసు నుంచే స్కూలుకి ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి నడిచి వెళ్లేది, పెద్దవాళ్లెవరూ తోడు లేకుండా. కిలోమీటరు లోపే. మెరిసే పసుపు జాకెట్ వేసుకుని సిగ్నల్ దగ్గర ఎర్ర బొమ్మ పోయి పచ్చ బొమ్మ వచ్చేదాకా కదిలేవాళ్లు కాదు. ఒకసారి రోడ్డు మొత్తం ఖాళీగా ఉందని నేను ఎర్ర బొమ్మ మీదే దాటబోతే వెనకనుంచి ఒక పెద్దాయన, పిల్లలు చూస్తున్నారు అని గట్టిగా అరిచాడు, సిగ్గేసింది. అదే పిల్ల నిజాంపేట వచ్చిన కొత్తలో, నాన్నా కిందకెళ్లి పాల ప్యాకెట్ తెస్తా అంది. షాపు రోడ్డుకి అవతల, వంద అడుగులు కూడా ఉండదు. వద్దన్నా. ఫుట్‌పాత్ మీద బైకులు, రాంగ్ సైడ్ ఆటోలు, కుక్కలు. ఎనిమిదేళ్ల పిల్లకి ఆరేళ్లప్పుడున్న స్వేచ్ఛ లేదు ఇక్కడ. జీడీపీ లెక్కలు ఎవరైనా చెప్తే నాకు ఆ పాల ప్యాకెట్టే గుర్తొస్తది.

అలాగని పిల్లలకి అక్కడే బాగుందా అంటే, ఆట దగ్గర ఇక్కడే. అక్కడ ఫ్రెండ్ ఇంటికి ఆడుకోడానికి వెళ్లాలంటే రెండు వారాల ముందు ఆ తల్లికి మెసేజ్ పెట్టాలి, 3 నుంచి 5 అంటే 5కి చెప్పులేసుకోవాలి. ఇక్కడ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా పదిహేను మంది పిల్లలు, ఎవరింట్లో తింటున్నారో కూడా తెలీదు.

ఒంట్లో బాగోకపోతే అక్కడ ఆఫీసువాళ్లు నిజంగా వదిలేస్తారండి. ఆరు వారాల దాకా కంపెనీయే ఫుల్ జీతం ఇవ్వాలని చట్టం. జ్వరంతో కాల్‌లో జాయిన్ అయితే మా మేనేజర్ ముందు లాప్‌టాప్ మూసెయ్ అన్నాడు, ఇక్కడ తిరిగొచ్చాక డెంగ్యూతో సెలైన్ ఎక్కుతుంటే కూడా "చిన్న డౌట్" అని ఫోన్ వచ్చింది. కానీ డాక్టర్ దగ్గరికెళ్తే మాత్రం టీ తాగు, పడుకో అంటారు, యాంటీబయాటిక్ కోసం బతిమాలుకోవాలి. నా మోకాలికి ఎంఆర్ఐ అపాయింట్‌మెంట్ ఏడు వారాలకి దొరికింది. ఇక్కడైతే సాయంత్రానికి రిపోర్ట్ వాట్సాప్‌లో ఉంటుంది, జేబులో డబ్బుంటేనే అనుకోండి.

ఇంటి పని సంగతి మీ ఆవిడకి ముందే చెప్పండి. పనిమనిషి ఉండదు, ఇస్త్రీ మీదే, బాత్రూం మీదే, పైగా స్టట్‌గార్ట్ వైపు కేర్‌వోహె అని ఒక ఆచారం ఉంది. వంతులవారీగా బిల్డింగ్ మెట్లు మనమే తుడవాలి. మీ వంతు వచ్చిందంటే తలుపు హ్యాండిల్‌కి ఒక చిన్న బోర్డు తగిలించి పోతారు. మొదటిసారి మేం అదేదో డెకరేషన్ అనుకున్నాం. శనివారం సాయంత్రం కింది ఫ్లోర్ ముసలావిడ పైకొచ్చి, ఏం మాట్లాడకుండా రెయిలింగ్ మీద వేలు రాసి ఆ వేలు మా ఆవిడకి చూపించింది. ఆవిడతో మా మొదటి సంభాషణ అదే, తర్వాత మాత్రం మా పాపకి స్వెటర్ అల్లిచ్చింది.

మేం ఎందుకు వచ్చేశాం అంటే, 2022 అక్టోబర్‌లో ఒంగోల్లో మా నాన్న బాత్రూంలో జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. స్టట్‌గార్ట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడ్నుంచి దోహా, హైదరాబాద్, మళ్లీ రోడ్డు మీద ఆరు గంటలు, నేను వెళ్లేసరికి ఆపరేషన్ అయిపోయి వార్డుకి మార్చేశారు. పక్కింటి బాబాయి ఆటోలో తీసుకెళ్లి, ఫారాలన్నీ నింపి సంతకం పెట్టాడు. పేషెంట్‌కి ఏమవుతారు అన్నచోట "కొడుకు" అని రాశాడు. లేకపోతే లేటు చేస్తారని భయమేసి అలా రాశాన్రా అని నాతో అన్నాడు. ఆ ఫారం జిరాక్స్ ఇంకా నా ఫైల్లో ఉంది.

నాన్న కోలుకుని నడుస్తున్నారు ఇప్పుడు, మేం అవసరమై రాలేదు అనొచ్చు కూడా. అయినా మా ఆవిడ ఇప్పటికీ నెలకోసారి ఆ పార్కు, ఆ గాలి అంటది, నేనూ నోరు మూసుకుంటా.

మీ ప్రశ్నలో జీతం ఉంది, రెంటు ఉంది, స్కూలు ఫీజు ఉంది, అమ్మానాన్నల వయసెంత, వాళ్ల దగ్గర ఎవరున్నారు అన్నది లేదు. దగ్గర్లో అక్కో తమ్ముడో ఉంటే నేనైతే వెళ్లమంటా, పాప బడికి నడిచెళ్లే ఆ ప్రైమరీ స్కూలు నాలుగేళ్ల కోసమైనా. వెళ్తే జర్మన్ భాష ఏ2 (మొదటి నుంచి రెండో లెవెల్) దాకా ఇక్కడే నేర్చుకుని పోండి, ఆఫీసులో ఇంగ్లీష్ నడుస్తుంది గానీ వీసా కాగితాలు చూసే ఫారినర్స్ ఆఫీసులో నడవదు. కుక్కర్ గాస్కెట్లు రెండు ఎక్స్‌ట్రా పెట్టుకోండి, మన సైజు అక్కడ మాకు దొరకలేదు.