వినాలో మైనస్ 10.4 వచ్చింది, ఇది క్యాన్సర్ మందు అవుతుందా?

ప్రశ్న: ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం. క్యాన్సర్ కణాలను పెరగమని పురికొల్పే ఈజీఎఫ్ఆర్ ప్రొటీన్ (1ఎం17 అనే క్రిస్టల్ స్ట్రక్చర్) మీద పసుపులోని కర్క్యుమిన్‌తో పాటు కొన్ని మొక్కల పదార్థాలను ఆటోడాక్ వినా సాఫ్ట్‌వేర్‌లో డాక్ చేశాను, అంటే ప్రొటీన్‌కు ఎలా అతుక్కుంటాయో కంప్యూటర్లో చూశాను. ఒకదానికి మైనస్ 10.4 వచ్చింది, ఇప్పటికే వాడుకలో ఉన్న క్యాన్సర్ మందు ఎర్లోటినిబ్‌కు మైనస్ 7.3 మాత్రమే. అంటే నాది దానికంటే మంచి మందేనా? గైడ్ పేపర్ రాసేయమంటున్నారు.

జవాబు:

కాదండీ. కనీసం ఆ అంకె చూసి మాత్రం ఆ మాట అనలేం. మీరు ఎంత సంబరపడి ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే ఎనిమిదేళ్ల కిందట హబ్సిగూడలో అద్దె గదిలో కూర్చుని నేనూ ఇదే పని చేశాను. మే నెల ఎండలు, లాప్‌టాప్ వేడెక్కి మధ్యలో ఆగిపోతుంటే రెండు స్టీలు గిన్నెలు బోర్లించి దాన్ని వాటి మీద పెట్టి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ దానివైపు తిప్పి, నేను చెమటలో పడుకునేవాణ్ణి. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మైనస్ 11.2. ఆగలేక అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సాయంత్రానికల్లా మా వీధిలో సగం మందికి మావాడు కంప్యూటర్లో క్యాన్సర్ మందు కనిపెట్టాడని తెలిసిపోయింది.

వినా చేసేదేమిటంటే, మాలిక్యూల్‌ను ప్రొటీన్ గుంటలో లెక్కలేనన్ని రకాలుగా తిప్పి, వంచి పెట్టి చూసి, ఎక్కడ ఎంత బాగా అతుక్కుంటుందో ఒక అంచనా చెబుతుంది, ఎంత మైనస్ అయితే అంత గట్టిగా అని. అంచనాయే, కొలత కాదు. అసలు సంగతి ఇక్కడే ఉంది. బైండింగ్‌లో, అంటే అతుక్కోవడంలో, 1.4 కిలో కేలరీల (ఆ స్కోరు అంకె ఉండేది వీటిలోనే) తేడా అంటే బలంలో దాదాపు పది రెట్ల తేడా. వినా పొరపాటు పడే పరిధి మామూలుగా రెండు కిలో కేలరీల పైనే ఉంటుంది, అంటే ఆ ఒక్క అంకెలో పదుల రెట్లు అటూ ఇటూ అయిపోవచ్చు. పైగా మాలిక్యూల్ పెద్దదయ్యేకొద్దీ తగిలే చోట్లు పెరిగి స్కోరు దానంతటదే పెరుగుతుంది. ఎర్లోటినిబ్ మాలిక్యులర్ వెయిట్ 393, రూటిన్ లాంటి షుగర్లు తగిలించుకున్న ఫ్లేవనాయిడ్ 610. మీ మైనస్ 10.4 పదార్థం బరువెంతో ఒకసారి చూడండి. ఎర్లోటినిబ్‌కు ఇంకో నష్టం కూడా ఉంది: దానికి రెండు పొడవాటి తోకలున్నాయి, అటూ ఇటూ తిరిగే బాండ్లు ఎక్కువ, అలాంటివాటికి వినా స్కోరు కోస్తుంది. రింగులన్నీ కలిసిపోయి బిళ్లలా గట్టిగా ఉండే మొక్క పదార్థాలకు ఆ కోత పడదు. కాబట్టి ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చడమే సరికాదు.

స్కోరు పక్కన పెట్టి ముందు రీడాకింగ్ చేయండి. 1ఎం17లో ఎర్లోటినిబ్ క్రిస్టల్‌లోనే ఉంది కదా, దాన్ని బయటికి తీసి మళ్లీ అదే గుంటలో డాక్ చేస్తే మొదట ఉన్న చోటికే వస్తుందా? ఆర్ఎంఎస్డీ, అంటే రెండు చోట్లకూ మధ్య సగటు దూరం, 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు రావాలి. రాకపోతే మీ గ్రిడ్ బాక్స్ (వినా వెతికే చోటుకు గీసే పెట్టె) తప్పయినా ఉండొచ్చు, ప్రొటీన్‌కు చేర్చిన హైడ్రోజన్లు తప్పయినా ఉండొచ్చు, సరిచేసేదాకా మిగతా ఫలితాలన్నీ దండగే. హబ్సిగూడ గదిలో డాకింగ్ చేసిన మూడు నెలలూ నేను ఇది చేయనే లేదు, చేయాలని ఎవరూ చెప్పలేదు కూడా. ఇంకో చిన్న చిక్కు: ఎర్లోటినిబ్ హైడ్రోజన్ బాండ్ పెట్టుకునే మెథియోనిన్‌ను పేపర్లలో 793 అంటారు, 1ఎం17 ఫైల్లో అదే 769 అని ఉంటుంది, 24 అంకెల తేడా. అది తెలియక నా బ్యాచ్‌మేట్ వారం రోజులు 793 కోసం వెతికి స్ట్రక్చరే తప్పని డిసైడ్ అయిపోయాడు. తర్వాత, పని చేస్తాయని ముందే తెలిసిన మందులు కొన్ని, పని చేయనివి కొన్ని వందలు కలిపి డాక్ చేసి, తెలిసినవి పైకి వస్తున్నాయో లేదో చూడండి. అవే పైకి రాకపోతే మీ కొత్తదాన్ని ఎందుకు నమ్మాలి?

కర్క్యుమిన్ గురించి ఒక మాట. దాన్ని చాలా ప్రొటీన్ల మీద పెట్టినా మంచి స్కోరే వస్తుంది, ల్యాబ్‌లో కూడా చాలా అస్సేల్లో (పరీక్షల్లో) పని చేసినట్టే కనిపించి మోసం చేస్తుంది. ఇలాంటివాటిని పెయిన్స్ అంటారు, 2010లో బేల్, హోలోవే అనే శాస్త్రవేత్తలు ఒక పెద్ద జాబితానే ఇచ్చారు. పైగా రక్తం పీహెచ్ దగ్గర నీళ్లలో అది త్వరగా విడిపోతుంది. పసుపు పాలల్లో వేసుకోండి, థీసిస్‌లో మాత్రం వద్దు.

ఇక నిజంగా బుద్ధి వచ్చింది ఉద్యోగంలో చేరాక. జీనోమ్ వ్యాలీలో, తుర్కపల్లి దగ్గర ఒక చిన్న కంపెనీ. ఒక కైనేజ్ (ఈజీఎఫ్ఆర్ లాంటి ఎంజైమ్) మీద దాదాపు రెండు లక్షల మాలిక్యూల్స్ డాక్ చేసి, పైన వచ్చిన వెయ్యిని ఒక్కొక్కటిగా తెర మీద తిప్పి కళ్లతో చూసి (ఈ పనిని ఇప్పటికీ పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కు వదలలేం), నలభై కొన్నాం. చిన్న సీసాల్లో అయిదేసి మిల్లీగ్రాముల పౌడర్ వచ్చింది. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి ఎంజైమ్ అస్సే పెడితే ఆరు పని చేశాయి, అందులో ఒకటి 2 మైక్రోమోలార్ దగ్గరే ఎంజైమ్‌ను సగం ఆపేసింది. నేను గాల్లో తేలుతున్నాను. పక్క బెంచీలో పనిచేసే సీనియర్ అక్క ప్లేట్‌ను లైటుకు ఎత్తి పట్టుకుని కాసేపు చూసి, "సబ్బు వేసి చూసినవా తమ్ముడూ?" అంది. నాకు అర్థం కాలేదు. ఆవిడ చూపించిన బావుల్లోకి నేనూ వంగి చూస్తే, కాంపౌండ్ ఎక్కువ పడ్డ చోట లోపల సన్నగా పొగమంచులా మసక. మర్నాడు ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్, అక్క చెప్పిన సబ్బు ఇదే, అదీ 0.01 శాతం, బఫర్‌లో కలిపి మళ్లీ పెట్టాం. పని చేసినవాటిలో నాలుగు చచ్చిపోయాయి, 2 మైక్రోమోలార్‌ది అందరికంటే ముందు. నీళ్లలో సరిగా కరగక ఆ మాలిక్యూల్స్ ముద్దలు కట్టి ఎంజైమ్‌ను తమకు అంటించుకుంటున్నాయి, అంతే. గుంటలో కూర్చున్నదీ లేదు, ఆపిందీ లేదు. మిగిలిన రెండిటిలో ఒకటి కణాల్లోకే పోలేదు, కణాలు బతికున్నాయో లేదో చూసే ఎంటీటీ టెస్టులో ప్లేటంతా నిక్షేపంగా ఊదారంగు, అంటే కణాలన్నీ బతికే ఉన్నాయి. రెండోది ఎలుక లివర్ మైక్రోజోమ్స్‌లో (మందులను విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌లు ఉండే ముక్కల్లో) పావుగంట కూడా నిలవలేదు. మా మేనేజర్ మాత్రం నలభైకి రెండు మిగలడం మంచి ఫలితమే అన్నారు, నన్ను ఓదార్చడానికి అన్నారనుకున్నాను, తర్వాత తెలిసింది నిజమేనని.

అలాగని కంప్యూటర్ స్క్రీనింగ్ వేస్ట్ అనుకోకండి. దాని పని మందు కనిపెట్టడం కాదు, కొననవసరం లేనివి పక్కన పడేయడం. డాకింగ్ మొదలైందే 1982లో, శాన్‌ఫ్రాన్సిస్కోలో కుంట్జ్ గ్రూపుతో. 2019లో అక్కడివాళ్లే ఒక డోపమైన్ రిసెప్టర్ (మెదడులో డోపమైన్ అతుక్కునే ప్రొటీన్) మీద 13.8 కోట్ల మాలిక్యూల్స్ డాక్ చేసి 549 మాత్రం తయారు చేయించి టెస్ట్ చేశారు, వాటిలో చాలా బలమైనవి దొరికాయి. 13.8 కోట్లను ఏ ల్యాబ్ పరీక్షించగలదు? క్యాన్సర్‌లో అందరూ ఉదాహరణగా చెప్పే ఇమాటినిబ్ (2001లో అమెరికాలో అనుమతి వచ్చింది) మాత్రం ల్యాబ్ స్క్రీనింగ్‌లో దొరికిన మాలిక్యూల్‌ను కెమిస్టులు మార్చుకుంటూ వస్తే తయారైనది. ఇంకా వెనక్కి పోతే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను పోలిన మాలిక్యూల్స్ చేసి ఇస్తే, వాటిలో ఒకదానితో పిల్లల లుకేమియా తాత్కాలికంగా తగ్గిందని అమెరికా డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. మొక్కల పదార్థాలే కావాలంటే బిళ్లగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు వచ్చింది, అది కూడా ఏ స్కోరూ చూడకుండానే.

పేపర్ విషయానికొస్తే, గైడ్‌తో గొడవ పెట్టుకోకండి, డిగ్రీ ఆయన చేతిలో ఉంది. టైటిల్లో "శక్తివంతమైన క్యాన్సర్ మందు" లాంటి మాట మాత్రం రానివ్వకండి, రీడాకింగ్ ఫలితం ఒక టేబుల్‌గా పెట్టండి, పైన వచ్చిన వాటిలో బరువు 500 లోపు ఉన్నవి, బజార్లో కొనగలిగేవి నాలుగైదు ఎంచి, అస్సే చేసే ల్యాబ్ ఎవరైనా ఒప్పుకుంటారేమో అడగండి. ఉత్త స్కోర్లు పట్టుకుని వెళ్తే ఎవరూ పట్టించుకోరు, నాలుగు సీసాలు పట్టుకుని వెళ్తే కనీసం కూర్చోమంటారు. ట్రైటాన్ వేయమని మీరే గుర్తు చేయండి.

ఇవాళ రాత్రికి ఆ రీడాకింగ్ పెట్టేసి ఆర్ఎంఎస్డీ ఎంతొచ్చిందో చెప్పండి, 2 దాటితే గ్రిడ్ బాక్స్ కొలతలు కూడా పంపండి, చూస్తాను. లాప్‌టాప్ కింద స్టీలు గిన్నెలే పెట్టండి, ఒకసారి ప్లాస్టిక్ డబ్బా పెట్టి నేను బ్యాటరీ పోగొట్టుకున్నాను.