కాక్లియర్ ఆపరేషన్ అయిన వారానికే మిషన్ ఆన్ చేయొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బాబుకు మూడేళ్లు, పుట్టుకతోనే వినపడదు. మొన్ననే హైదరాబాద్‌లో కాక్లియర్ ఇంప్లాంట్ (వినికిడి నరానికి కరెంటుతో శబ్దం అందించేలా లోపల అమర్చే పరికరం) ఆపరేషన్ అయింది. కోత చిన్నదే కాబట్టి వారంలో బయట పెట్టుకునే మిషన్ ఆన్ చేస్తామన్నారు. మా బంధువుల పాపకేమో నెల దాటాకే చేశారు. పుండు పచ్చిగా ఉండగా పెడితే ఎట్లా అని మా అత్తమ్మ ఒకటే టెన్షన్. ఆగమంటారా?

జవాబు: కుట్లు చూసి సర్జన్ సరేనంటే ఆగాల్సిన పని లేదు. మూడు నుంచి ఆరు వారాలు ఆగడం ఎక్కువగా పైచర్మం కోసమే. కోత పెద్దదైతే చెవి వెనక బాగా వాస్తుంది. మిషన్‌కు ఉండే బయటి కాయిల్ (చెవి వెనక తలకు పెట్టే బిళ్ల) అయస్కాంతంతోనే లోపలి పరికరానికి అతుక్కోవాలి. వాపు మీద అది నిలవదు, జారిపోతుంది. నిలవాలని గట్టి అయస్కాంతం పెడితే చర్మం ఒరుసుకుపోతుంది. చిన్న కోతతో ఈ వాపు తగ్గింది. కొన్నిచోట్ల ఆపరేషన్ మర్నాడే ఆన్ చేస్తున్నారు కూడా.

అట్లాగని ముందు ఆన్ చేస్తే మాటలు కూడా ముందే వస్తాయనుకోకండి. మొదటి వారాల్లో లోపల నరానికి కరెంటు అందించే ఎలక్ట్రోడ్ల చుట్టూ మార్పులు జరుగుతుంటాయి. ఇవాళ సరిపోయిన కరెంటు మోతాదు పదిహేను రోజులకు సరిపోకపోవచ్చు. అందుకే తొందరగా ఆన్ చేసిన పిల్లలకు మొదట్లో మ్యాపింగ్‌కు, అంటే ఆ మోతాదు సరిచేయించుకోవడానికి, ఎక్కువసార్లు వెళ్లాల్సి రావచ్చు. తేదీలు ఇప్పుడే రాయించుకోండి. బస్సు ఛార్జీలు, కూలి పోతుందని ఒక్కటి కూడా ఎగ్గొట్టొద్దు.

ఆన్ చేసే రోజు ఇంటిల్లిపాదీ ఫోన్లు పట్టుకుని నవ్వు కోసం ఎదురుచూస్తారు. చాలామంది పిల్లలు భయపడి ఏడుస్తారు, కొందరు ఉలుకూ పలుకూ లేకుండా చూస్తారు. రెండూ మామూలే. ఆ శబ్దాలకు అర్థం తెలియడానికి నెలల తరబడి థెరపీ కావాలి. మిషన్ పెట్టుకున్నంతసేపు అత్తమ్మనే వాడితో కబుర్లు చెప్పమనండి.

రోజూ రాత్రి కాయిల్ తీసి కింద చర్మం చూడండి. లేత ఎరుపు కాసేపట్లో పోతే పర్వాలేదు. తెల్లారినా పోకపోయినా, ముట్టుకుంటే ఏడ్చినా, చీము తడి కనిపించినా మిషన్ పెట్టకుండా డాక్టరుకు చూపించండి. జ్వరంతో వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండడం ఉంటే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) కావచ్చు, రాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లి ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి. ఆ జబ్బు రాకుండా వేసే న్యుమోకోకల్ టీకాలు పూర్తయ్యాయో లేదో ఈసారి వెళ్లినప్పుడే కార్డు చూపించి అడగండి.