ముందు నాయనమ్మ ఊరు తెలుసుకోనివ్వండి

ప్రశ్న: మాది గుంటూరు. పెళ్లయ్యాక బ్రిస్బేన్‌లో స్థిరపడ్డాను. మావారు ఆస్ట్రేలియన్, అకౌంటెంట్. మామగారు పోయాక దొరికిన కాగితాల్లో ఒక సంగతి బయటపడింది. మావారి నాయనమ్మ అబోరిజినల్, అంటే ఆస్ట్రేలియా ఆదివాసీ అట, చిన్నప్పుడే ఆదివాసీలను ఉంచే చెర్బర్గ్ అనే ప్రభుత్వ సెటిల్‌మెంట్‌కి తీసుకెళ్లి అక్కడి డార్మిటరీలో పెంచారట. అప్పటినుంచి ఆయనకు అడవి మొక్కలే లోకం. ఉద్యోగం మానేసి మూలికా వైద్యం చేస్తానంటున్నారు. బీపీ మాత్రలు ఆపేసి ఏవో కషాయాలు తాగుతున్నారు. మా నాన్నగారు ‘అల్లుడికి పిచ్చి పట్టింది’ అంటున్నారు. ఇంటి లోన్ ఉంది, తొమ్మిదేళ్ల పాప ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, బీపీ మాత్రల విషయం మాత్రం ఆగేది కాదు. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఏం తాగుతున్నారో దాచకుండా చెప్పమనండి. చెర్బర్గ్‌కి దగ్గర్లోని కింగరాయ్ ప్రాంతంలో డుబోయిసియా అనే మొక్కను పండిస్తారు. ప్రయాణంలో వాంతులు ఆపే స్కోపోలమైన్ అనే మందును దాని ఆకుల్లోంచే తీస్తారు. మోతాదు మించితే అదే మందు మనిషికి మతి తప్పిస్తుంది. ఆ మొక్కల్లో శక్తి ఉంది కాబట్టే భయంగా ఉందని ఆయనతో చెప్పండి. ‘ఆకులూ అలములూ’ అని తీసిపారేస్తే మీ మాట చెవికెక్కదు. మీ అమ్మగారు తులసికోటకు దణ్ణం పెట్టుకుంటే ఎవరూ పిచ్చి అనలేదు కదా.

ఇక నాయనమ్మ సంగతి. అసలు బాధ ఇక్కడుందని నాకనిపిస్తోంది. 1897 నాటి చట్టంతో క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వం అబోరిజినల్ ప్రజలను ఎక్కడికైనా తరలించే అధికారం తీసుకుంది. 1904లో మొదలైన చెర్బర్గ్ సెటిల్‌మెంట్‌కి ఎన్నెన్నో తెగలవాళ్లను తెచ్చిపడేశారు. పిల్లల్ని తల్లుల నుంచి విడదీసి డార్మిటరీల్లో పెట్టారు. కాబట్టి ఆవిడ అక్కడ పెరిగినా, ఆవిడ నేల వేరే అయి ఉండొచ్చు.

మొక్కల జ్ఞానం నేలను బట్టి ఉంటుంది. దగ్గర్లోని బన్యా కొండలనే తీసుకోండి. సుమారు మూడేళ్లకోసారి బన్యా చెట్లకు కాయలు విరగకాసినప్పుడు దూరప్రాంతాల తెగలు అక్కడికి వచ్చేవి, అదీ ఆ నేలవాళ్లు పిలిస్తేనే. ఒక్కో చెట్టు బాధ్యత తండ్రి నుంచి కొడుక్కి వచ్చేదట. కొన్ని విషయాలు ఆడవాళ్లవే, కొన్ని మగవాళ్లవే. తగినవాడని తోచినప్పుడే పెద్దలు నోరు విప్పుతారు. వీడియోలు చూసి వైద్యం మొదలుపెడితే ఆ పెద్దలే నొచ్చుకుంటారు. ఈ మాట మీవారికి తప్పక చెప్పాలి.

అందుకే ముందు మనుషుల్ని వెతకమనండి. క్వీన్స్‌ల్యాండ్ ప్రభుత్వంలో ‘కమ్యూనిటీ అండ్ పర్సనల్ హిస్టరీస్’ అనే విభాగం ఉంది, కుటుంబ రికార్డులకు అక్కడ దరఖాస్తు చేసుకోవచ్చు. విడిపోయిన కుటుంబాలను కలపడానికి ‘లింక్-అప్’ సంస్థ ఉంది. చెర్బర్గ్‌లో రేషన్ షెడ్ మ్యూజియం చూడటానికి పాపను కూడా తీసుకెళ్లండి. ఆ పాత ఫైళ్లలో మనసు గాయపడే రాతలు ఉంటాయి. ఆయన్ని ఒంటరిగా చదవనివ్వకండి.

ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా వద్దు. వారానికి నాలుగు రోజుల పని అడగమనండి. మిగిలిన రోజు స్థానిక మొక్కలు పెంచే నర్సరీలో పని నేర్చుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. అబోరిజినల్ సంస్థలకు అక్కడ ప్రత్యేక రిజిస్ట్రారే ఉన్నారు, వేల సంస్థలు నమోదై ఉన్నాయి. వాటికి మంచి అకౌంటెంట్లు కావాలి. ఆయనకు చేతనైన పనితోనే ఆ మనుషులకు దగ్గరవ్వొచ్చు.

నాన్నగారితో మాత్రం గట్టిగా మాట్లాడండి. ‘పిచ్చి’ అనే మాట పాప చెవిన పడకూడదు. ఆ నాయనమ్మ పాపకు తాతమ్మ.